ఈ నోటు ఏ ఊరిది? పాత అమెరికన్ నేషనల్ బ్యాంకు నోటు విలువ తెలుసుకునే పద్ధతి

నెల్లూరు, కావలి, ఒంగోలు ప్రాంతాల నుంచి పాత అమెరికన్ నోట్లు తెచ్చి నాకు చూపించినవారు దాదాపు అందరూ మొదట అడిగింది ఒకే ప్రశ్న: "ఇది ఎన్నేళ్ల నాటిదండీ?" జవాబు చెప్పడం కష్టం కాదు గాని, ఆ జవాబుతో నోటు విలువ తేలదు. 1865 నాటి నోటు కంటే 1929 నాటి నోటు ఎక్కువ ధర పలికిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి. మన వైపు కొత్త మనిషి పరిచయమైతే వయసు కంటే ముందు "మీది ఏ ఊరు?" అని అడుగుతాం కదా, నేషనల్ బ్యాంకు నోటును, అంటే ఒకప్పుడు అమెరికాలో ఒక్కో ఊరి బ్యాంకు కేంద్ర ప్రభుత్వ అనుమతితో తన పేరు మీద జారీ చేసిన నోటును, కూడా మొదట అదే అడగాలి. అది ఏ ఊరి బ్యాంకుది, ఆ బ్యాంకు నోట్లు ఈనాటికి ఎన్ని మిగిలాయి, మీ చేతిలోని నోటు ఏ స్థితిలో ఉంది అనే మూడు విషయాలు తెలిస్తే విలువలో ముప్పాతిక వంతు తేలినట్టే.

ఇలాంటి నోట్లు మన జిల్లాల్లో కనిపించడం వింతేమీ కాదు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే 1840లో నెల్లూరుకు వచ్చాడు. జాన్ క్లౌ 1866లో ఒంగోలు చేరాడు. ఆ తర్వాత రామాయపట్నం, అల్లూరు, ఉదయగిరి, కనిగిరి, పొదిలి, కావలి వంటి చోట్ల అమెరికా నుంచి వచ్చిన దొరలూ దొరసానులూ దశాబ్దాల పాటు బడులు, ఆసుపత్రులు నడిపారు. గూడూరు, రాపూరు గనుల నుంచి అభ్రకం విదేశాలకు ఎగుమతి అయింది. ఇక గత నలభై, యాభై ఏళ్లలో అమెరికాలో స్థిరపడిన మన పిల్లలు అక్కడి పాత వస్తువుల దుకాణాల్లో కొని, జ్ఞాపికగా తెచ్చి తల్లిదండ్రుల చేతిలో పెట్టిన నోట్లు కూడా ఉన్నాయి. అందువల్ల బీరువా అడుగునో, పెద్ద బైబిలు పేజీల మధ్యనో, పాత దస్తావేజుల కట్టలోనో ఇలాంటిది దొరికితే దాన్ని చెత్తగానూ చూడవద్దు, కోట్లు తెచ్చిపెట్టే నిధి అనీ అనుకోవద్దు. కింద చెప్పిన క్రమంలో పరిశీలించండి.

ముందుగా చేయకూడని పనులు

విలువ తెలుసుకునే ముందు ఉన్న విలువ పోకుండా చూసుకోవాలి. కావలి దగ్గరి ఒక కుటుంబం 1902 సిరీస్ పది డాలర్ల నోటును భద్రంగా ఉంచాలనే మంచి ఉద్దేశంతోనే లామినేషన్ చేయించింది. వేడికి కరిగిన ప్లాస్టిక్ కాగితపు పోగుల్లోకి దిగిపోయింది, ఇక దాన్ని విడదీసే మార్గం లేదు. ఆ నోటు అలా నా ముందు ఉన్నప్పుడు నాకు కలిగిన బాధను ఆ ఇంటివారి ముందు దాచుకోవడం చాలా కష్టమైంది. లామినేషన్ చేయించకండి. ఇస్త్రీ పెట్టకండి, ఎందుకంటే ముడతలు పోయినట్టు కనిపించినా, ముద్రణలో చేతికి తగిలే ఎత్తుపల్లాలు అణిగిపోతాయి, అనుభవం ఉన్న కన్ను దాన్ని వెంటనే పట్టేస్తుంది. నీళ్లతోనో, రబ్బరుతోనో మురికి తుడవకండి. చిరుగుకు టేపు అంటించకండి. చిరిగిన నోటు చిరిగిన నోటుగానే అమ్ముడుపోతుంది గాని, టేపు జిగురు పసుపు మరకగా మారిన నోటును చూసి కొనేవారు వెనుకాడతారు.

మన ఇళ్లలో ప్రత్యేకంగా జరిగే పొరపాట్లు ఇంకొన్ని ఉన్నాయి. లక్ష్మీపూజలో నోట్లకు పసుపు కుంకుమ పెట్టడం మనకు అలవాటు, ఆ మరక జీవితాంతం పోదు. కాగితాలను గుండుసూదితో గుచ్చి కట్టకట్టడం కూడా పాత అలవాటే, ఒక్కొక్క రంధ్రమూ నోటు స్థాయిని తగ్గిస్తుంది. సముద్రపు గాలి, కార్తీకంలో వచ్చే తుఫాన్ల తేమ, చెదలు, రామబాణం పురుగులు మన కోస్తా ఇళ్లలో కాగితానికి సహజ శత్రువులు. కలరా ఉండలు నోటుకు ఆనించి పెట్టవద్దు. మామూలు పీవీసీ కవర్లలోని రసాయనం కాలక్రమేణా జిడ్డుగా బయటికి వచ్చి నోటుకు పడుతుంది కాబట్టి, నోట్ల సేకర్తల కోసం తయారయ్యే మైలార్ అనే పాలియెస్టర్ కవరులో పెట్టి, చల్లని పొడి చోట, వెలుతురు పడకుండా, మడత పెట్టకుండా ఉంచండి. చేతులు కడిగి బాగా ఆరిన తర్వాతే అంచులు పట్టుకుని ఎత్తండి.

ఊరి పేరు నోటు మీదికి ఎలా వచ్చింది

ఈ నోట్ల వెనుక ఉన్న ఏర్పాటును అర్థం చేసుకోకుండా వాటి విలువను అర్థం చేసుకోలేము. అమెరికా అంతర్యుద్ధానికి ముందు ఆ దేశంలో రాష్ట్రాల అనుమతితో నడిచే బ్యాంకులు ఎవరికి వారు నోట్లు ముద్రించుకునేవి. ఒక రాష్ట్రపు నోటు మరో రాష్ట్రంలో పూర్తి విలువకు చెల్లేది కాదు, ఏది మంచి నోటో ఏది దొంగ నోటో తేల్చుకోవడమే వ్యాపారులకు పెద్ద పనిగా ఉండేది. యుద్ధ ఖర్చుల కోసం ప్రభుత్వ బాండ్లు అమ్ముకోవలసిన అవసరమూ అప్పుడే వచ్చింది. ఆర్థిక మంత్రి సాల్మన్ చేజ్ ఈ రెండింటినీ ఒకే ముడిలో బిగించాడు. 1863 ఫిబ్రవరి 25న వచ్చిన చట్టం, దాన్ని సవరిస్తూ 1864 జూన్ 3న వచ్చిన చట్టం ప్రకారం, కేంద్ర ప్రభుత్వ అనుమతి పొందిన బ్యాంకు ప్రభుత్వ బాండ్లు కొని ఖజానాలో తాకట్టు ఉంచితే, ఆ విలువలో 90 శాతం వరకు తన పేరుతో నోట్లు జారీ చేయవచ్చు. 1900లో ఈ పరిమితిని 100 శాతానికి పెంచారు. నోట్ల నమూనా దేశమంతటా ఒకటే, దాని మీద ముద్రించే బ్యాంకు పేరు, ఊరు, అధికారుల సంతకాలు మాత్రం వేరు. బ్యాంకు మూతపడినా తాకట్టు బాండ్లు ఉన్నాయి కాబట్టి నోటు పట్టుకున్నవాడికి నష్టం లేదు. 1865లో రాష్ట్ర బ్యాంకుల నోట్ల మీద 10 శాతం పన్ను వేయడంతో పాత రకం నోట్లు క్రమంగా కనుమరుగయ్యాయి.

1900 చట్టం మరో పని కూడా చేసింది. అంతకు ముందు ఎంత చిన్న ఊళ్లోనైనా నేషనల్ బ్యాంకు పెట్టడానికి కనీసం 50,000 డాలర్ల మూలధనం కావలసి ఉండగా, 3,000కు మించని జనాభా గల ఊళ్లలో 25,000 డాలర్లతోనే పెట్టవచ్చని అనుమతించింది. దాంతో మన పల్లెటూళ్లంతటి ఊళ్లలో కూడా నేషనల్ బ్యాంకులు వెలిశాయి. వాటిలో చాలా వరకు కొద్దిపాటి నోట్లే జారీ చేసి, 1920ల వ్యవసాయ సంక్షోభంలోనో, 1930ల ఆరంభపు బ్యాంకుల పతనంలోనో మూతపడ్డాయి. ఈనాడు సేకర్తలు వెతికి వెతికి కొనేది ముఖ్యంగా ఆ చిన్న ఊళ్ల నోట్లనే. తాకట్టుగా పనికివచ్చే బాండ్లను ప్రభుత్వం 1935లో వెనక్కి తీసుకోవడంతో ఈ నోట్ల జారీ ఆగిపోయింది. అప్పటికి 12 వేలకు పైగా బ్యాంకులు ఈ నోట్లను జారీ చేశాయి.

నోటును దస్తావేజులా చదవడం

పొలం కొనేటప్పుడు మనం పొలం అందం చూసి బయానా ఇవ్వము, ముందు దస్తావేజులో సర్వే నంబరు చూస్తాము. నేషనల్ బ్యాంకు నోటుకు ఛార్టర్ నంబరు అలాంటిది. ప్రభుత్వం ప్రతి నేషనల్ బ్యాంకుకూ వరుసగా ఒక సంఖ్య ఇచ్చింది. ఒకటో సంఖ్య ఫిలడెల్ఫియాలోని ఫస్ట్ నేషనల్ బ్యాంకుది, 1935 నాటికి ఆ వరస 14 వేలు దాటింది. 'ఫస్ట్ నేషనల్ బ్యాంక్' అనే పేరుతో వేల బ్యాంకులు ఉండేవి, స్ప్రింగ్‌ఫీల్డ్ అనే పేరుగల ఊళ్లు ఎన్నో రాష్ట్రాల్లో ఉన్నాయి. కాబట్టి పేరు చూసి పొరబడవచ్చు గాని, ఛార్టర్ నంబరు చూసి పొరబడడానికి వీల్లేదు. 1874 నాటి చట్టం తర్వాతే ఈ సంఖ్యను నోటు మీద ముద్రించడం తప్పనిసరి అయింది, అందువల్ల అంతకు ముందరి నోట్లలో అది లేకపోతే అనుమానించనవసరం లేదు.

మొదట నోటును స్కేలుతో కొలవండి. సుమారు 189 మిల్లీమీటర్ల పొడవు, 79 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటే అది 1929కి ముందరి పెద్ద నోటు. సుమారు 156 మిల్లీమీటర్ల పొడవు, 66 మిల్లీమీటర్ల వెడల్పు, అంటే నేటి డాలరు నోటంత ఉంటే అది 1929 సిరీస్ చిన్న నోటు. నోటు పైభాగాన 'నేషనల్ కరెన్సీ' అనే మాటలు ఉన్నాయేమో చూడండి.

పెద్ద నోట్లలో మూడు తరాలు ఉన్నాయి. నేషనల్ బ్యాంకు అనుమతి మొదట 20 ఏళ్లకే ఉండేది, గడువు తీరాక దాన్ని పొడిగించుకున్న బ్యాంకుకు అప్పటికి అమల్లో ఉన్న కొత్త నమూనా నోట్లు ఇచ్చేవారు. అందువల్ల ఒకే సంవత్సరంలో పక్కపక్క ఊళ్ల బ్యాంకులు రెండు వేర్వేరు తరాల నోట్లు జారీ చేస్తూ ఉండేవి. నోటు మీద చెక్కిన తేదీ కూడా ఆ నోటు ముద్రించిన తేదీ కాదు, అది బ్యాంకు అనుమతికి లేదా దాని పొడిగింపుకు సంబంధించిన తేదీ. 1903 అని ఉన్న నోటు నిజానికి 1920లలో అచ్చయి ఉండవచ్చు. "ఎన్నేళ్ల నాటిది" అనే ప్రశ్నను నేను మొదటి నుంచి పక్కన పెట్టమంటున్నది ఇందుకే.

మొదటి తరం 1863 నుంచి మొదలైనది. ఒక డాలరు నుంచి వెయ్యి డాలర్ల వరకు ఈ తరంలో నోట్లు ఉన్నాయి. ఐదు డాలర్ల నోటు మీద కొలంబస్ నేలను చూడడం, పది డాలర్ల నోటు మీద ఫ్రాంక్లిన్ గాలిపటం ఎగరేసి మెరుపును పరీక్షించడం, ఇరవై డాలర్ల నోటు వెనుక అమెరికా ఆదివాసి యువతి పోకహాంటస్ బాప్తిస్మం వంటి చిత్రాలు ఎంతో శ్రద్ధగా చెక్కారు. గుండ్లకమ్మ ఒడ్డున బాప్తిస్మాల చరిత్ర తెలిసిన ఒంగోలు వాడు ఆ చివరి బొమ్మ ముందు కాసేపు ఆగకుండా ఉండలేడు. ఈ తరంలోని రెండు డాలర్ల నోటు మీద 2 అంకె నిలబడి కాక, అడ్డంగా పడుకుని ఉంటుంది. దాన్ని సేకర్తలు 'లేజీ డ్యూస్' అని, అంటే బద్ధకపు రెండు అని పిలుస్తారు. ఒకటి, రెండు డాలర్ల నోట్ల జారీ 1879 ప్రాంతంలో ఆగిపోయింది కాబట్టి, బాగా నలిగిన లేజీ డ్యూస్‌కు కూడా వందల డాలర్ల ధర ఉంటుంది.

రెండో తరం 1882 సిరీస్. ఇందులో మూడు రకాలు ఉన్నాయి, తేడా వెనుక వైపు చూస్తే తెలుస్తుంది. వెనుక అంచు గోధుమ రంగులో ఉండి, మధ్యలో ఛార్టర్ నంబరు నీలం కలిసిన ఆకుపచ్చలో పెద్దగా ఉంటే అది 'బ్రౌన్ బ్యాక్'. మధ్యలో 1882, 1908 అనే సంవత్సరాలు ఉంటే 'డేట్ బ్యాక్'. నోటు ముఖవిలువ అక్షరాల్లో రాసి ఉంటే 'వాల్యూ బ్యాక్', ఈ మూడింటిలో తక్కువగా దొరికేది ఇదే.

మూడో తరం 1902 సిరీస్, మన వైపు కనిపించే పెద్ద నోట్లలో ఎక్కువ ఇవే. ఐదు మీద బెంజమిన్ హారిసన్, పది మీద మెకిన్లీ, ఇరవై మీద హ్యూ మెకల్లక్ ముఖాలు ఉంటాయి. మెకల్లక్ ఈ బ్యాంకుల మీద పర్యవేక్షణకు నియమితుడైన మొదటి కంప్ట్రోలరు. ముందువైపు ముద్ర ఎర్రగా ఉంటే అరుదైన రకం. ముద్ర నీలంగా ఉండి వెనుక 1902, 1908 అనే సంవత్సరాలు ఉంటే ఒక మోస్తరు. నీలం ముద్ర ఉండి, వెనుక ఆ సంవత్సరాలు లేకపోతే అన్నిటికంటే ఎక్కువగా దొరికే 'ప్లెయిన్ బ్యాక్'.

కాలిఫోర్నియాలోని కొన్ని బ్యాంకులు బంగారంతో చెల్లిస్తామని 1870లలో జారీ చేసిన 'నేషనల్ గోల్డ్ బ్యాంక్' నోట్లు వేరే కోవకు చెందినవి. కాగితం పసుపు ఛాయలో, వెనుక బంగారు నాణేల చిత్రంతో ఉంటుంది. అలాంటిది కనిపిస్తే స్వయంగా ధర నిర్ణయించే ప్రయత్నం ఏదీ చేయకుండా నేరుగా నిపుణుడికి చూపించండి.

1929 చిన్న నోట్లలో ముద్ర, క్రమసంఖ్యలు గోధుమ రంగులో ఉంటాయి. బ్యాంకు పేరు ఎడమ వైపు నల్ల అక్షరాల్లో ఉంటుంది. ఛార్టర్ నంబరు రెండు చోట్ల నల్లగా మాత్రమే ఉండి, క్రమసంఖ్యకు ముందూ వెనుకా అక్షరాలు ఉంటే టైప్ 1. క్రమసంఖ్యల పక్కన గోధుమ రంగులో కూడా ఛార్టర్ నంబరు ఉండి, క్రమసంఖ్య చివర అక్షరం లేకపోతే టైప్ 2. టైప్ 2ను 1933 నుంచి 1935 వరకే జారీ చేశారు, కాబట్టి చాలా బ్యాంకుల విషయంలో అది తక్కువగా దొరుకుతుంది.

ఇక్కడే చాలామంది పొరబడతారు. 1929లోనే, ఇదే గోధుమ ముద్రతో, ఇదే 'నేషనల్ కరెన్సీ' అనే మాటలతో ఫెడరల్ రిజర్వ్ బ్యాంకుల, అంటే అమెరికా కేంద్ర బ్యాంకు వ్యవస్థలోని ప్రాంతీయ బ్యాంకుల, పేరిట కూడా నోట్లు వచ్చాయి. వాటి మీద ఛార్టర్ నంబరు ఉండదు, దాని స్థానంలో ఆ ప్రాంతీయ బ్యాంకును సూచించే పెద్ద అక్షరం ఉంటుంది. అవి కూడా సేకరించదగినవే గాని, 'ఊరి నోటు' లెక్క వాటికి వర్తించదు.

ఎన్ని మిగిలాయి

ఛార్టర్ నంబరు, బ్యాంకు పేరు, ఊరు, రాష్ట్రం, రకం, ముఖవిలువ, క్రమసంఖ్య ఒక కాగితం మీద రాసుకున్న తర్వాత అసలు పని మొదలవుతుంది. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ఈసీ తీయించినట్టు, ఈ నోట్ల విషయంలోనూ చూసే రికార్డులు ఉన్నాయి. అమెరికా కంప్ట్రోలరు కార్యాలయం ప్రతి బ్యాంకు ఏయే రకాలు ఎన్ని నోట్లు జారీ చేసిందో లెక్క ఉంచింది. ఇప్పటివరకు కళ్లబడిన నోట్లను బ్యాంకు వారీగా, క్రమసంఖ్యతో సహా నమోదు చేసే గణనను సేకర్తలు దశాబ్దాలుగా కొనసాగిస్తున్నారు. నేషనల్ కరెన్సీ ఫౌండేషన్ గణనను ఇంటర్‌నెట్‌లో వెతికి చూడవచ్చు. సొసైటీ ఆఫ్ పేపర్ మనీ కలెక్టర్స్ అనే సంఘం బ్యాంకుల చరిత్రలను కూడా సేకరిస్తున్నది. మీ బ్యాంకుకు చెందిన నోట్లు వందల్లో నమోదై ఉంటే మీ నోటు సామాన్యమైనది. పది లోపు ఉంటే నెమ్మదించి ఆలోచించాలి. ఒక్కటి కూడా నమోదు కాకపోతే మీ నోటే మొదటిదై ఉండవచ్చు, అలాంటిది ప్రపంచంలో ఎక్కడి నుంచైనా, నెల్లూరు చిన్నబజారు వెనుక ఇంటి నుంచైనా బయటపడవచ్చు.

న్యూయార్క్‌లోని చేజ్ నేషనల్ బ్యాంక్, శాన్‌ఫ్రాన్సిస్కోలోని బ్యాంక్ ఆఫ్ అమెరికా, షికాగోలోని ఫస్ట్ నేషనల్ బ్యాంక్ వంటి పెద్ద బ్యాంకుల 1929 నోట్లు ఇప్పటికీ పుష్కలంగా ఉన్నాయి. వాటిలో బాగా చలామణీ అయిన పది, ఇరవై డాలర్ల నోటుకు కొన్ని పదుల డాలర్ల నుంచి వంద డాలర్ల చుట్టుపక్కల ధర ఉంటుంది. అదే నమూనా, అదే ముఖవిలువ, అదే స్థితిలో ఉండి, అలాస్కా ఊరి పేరు ఉంటే వేల డాలర్లు. నోటు మీద ముద్రించిన మొత్తం పెద్దదైతే విలువ ఎక్కువ అనే నమ్మకాన్ని కూడా వదులుకోవాలి. సామాన్య బ్యాంకు వంద డాలర్ల నోటుకు ముఖవిలువ పైన లభించేది స్వల్పమే.

రాష్ట్రాల మధ్య కూడా తేడా ఉంది. పెన్సిల్వేనియా, న్యూయార్క్ నోట్లు ఎక్కువ, నెవాడా, అరిజోనా, అలాస్కా నోట్లు తక్కువ. రాష్ట్రం కాకముందు 'టెరిటరీ' అనే పేరుతో జారీ అయిన నోట్లకు మరింత గిరాకీ. మన కందుకూరు 1970లో నెల్లూరు జిల్లా నుంచి కొత్త ఒంగోలు జిల్లాలోకి వెళ్లింది, ఆ జిల్లాయే ప్రకాశం అయింది, 2022లో కందుకూరు మళ్లీ నెల్లూరులోకి వచ్చింది. ఆయా కాలాల కాగితాల మీద చిరునామా మారినట్టే, 1889లో రెండు రాష్ట్రాలుగా విడిపోక ముందు డకోటా నోట్ల మీద 'డకోటా టెరిటరీ' అని ఉండేది. ఓక్లహోమా 1907లో, అరిజోనా, న్యూమెక్సికో 1912లో రాష్ట్రాలయ్యాయి. ఊరి పేరు పక్కన ఆ ఒక్క మాట ఉంటే ధర అనేక రెట్లు పెరగవచ్చు, కాబట్టి భూతద్దంతో చూడండి.

బ్యాంకు క్రమసంఖ్య 1 అయితే, అంటే ఆ బ్యాంకుకు పంపిన మొదటి షీటులోని నోటు అయితే, సేకర్తలు ప్రత్యేకంగా కోరుకుంటారు. సంతకాలను కూడా చదవండి. ఖజానా అధికారుల సంతకాలతో పాటు బ్యాంకు క్యాషియరు, ప్రెసిడెంటుల సంతకాలు కూడా ఉంటాయి. చిన్న ఊళ్లలో క్యాషియరు స్వయంగా కలంతో సంతకం చేసిన నోట్లు ఉన్నాయి, అది స్త్రీ సంతకమైతే దానికోసం ప్రత్యేకంగా వెతికే సేకర్తలు ఉన్నారు. 1882 సిరీస్ కొన్ని నోట్ల మీద ఖజానా రిజిస్ట్రారుగా బ్లాంచ్ బ్రూస్ సంతకం కనిపిస్తుంది. బానిసగా పుట్టి, మిసిసిపీ నుంచి సెనేటరైన మనిషి ఆయన. ఆ సంతకం ధరను అమాంతం పెంచదు గాని, నా చేతికి అలాంటి నోటు వస్తే దాన్ని నేను అమ్మను.

స్థితి, నకిలీ

నోట్ల స్థితిని 70 వరకు ఉన్న కొలమానంతో చెబుతారు. 8, 12 అంటే బాగా నలిగినవి, 20, 30 అంటే మడతలు ఉన్నా పటుత్వం మిగిలినవి, 60 దాటితే చలామణీలోకి వెళ్లనివి. పీఎంజీ, పీసీజీఎస్ అనే సంస్థలు రుసుము తీసుకుని నోటును పరీక్షించి, స్థాయి నిర్ణయించి, గట్టి కవరులో ముద్ర వేసి ఇస్తాయి. నా అభిప్రాయంలో నోటు విలువ కొన్ని వందల డాలర్లు దాటుతుందనే నమ్మకం కలిగితేనే ఆ ఖర్చు పెట్టాలి. సామాన్యమైన నోటు విషయంలో స్థితే సర్వస్వం, నలిగినదానికీ కొత్తగా మెరిసేదానికీ ధరలో ఎన్నో రెట్ల తేడా. రెండో మూడో మాత్రమే మిగిలిన బ్యాంకు నోటు విషయంలో మాత్రం అంచు చిరిగినా కొనేవారు ఉంటారు, ఎందుకంటే వారికి మరో అవకాశం రాకపోవచ్చు.

కలం సిరా వెలిసిపోయి సంతకం కనపడకపోవడం పాత నోట్లలో సహజం. దాన్ని తిరిగి దిద్దడం మాత్రం నోటును పాడుచేయడమే. అరుదైన ఊరి నోటుగా చూపడానికి పేరునో సంఖ్యనో మార్చిన నోట్లు కూడా ఉంటాయి. పది రెట్ల భూతద్దం కింద అసలు నోటు గీతలు సన్నగా, తెగకుండా, కాగితం మీద కొద్దిగా ఉబ్బెత్తుగా ఉంటాయి. కంప్యూటర్ ప్రింటరులో తీసిన నకలు చుక్కలు చుక్కలుగా కనిపిస్తుంది. అసలు కాగితంలో సన్నని పోగులు లోపలే కలిసి ఉంటాయి. పసుపు రంగులో పెళపెళలాడే మందపు కాగితం మీద ఉన్నవి అమెరికాలో పర్యాటకుల కోసం లక్షల్లో అచ్చేసిన నకళ్లు. వాటిలో ప్రసిద్ధమైనది 'బ్యాంక్ ఆఫ్ ది యునైటెడ్ స్టేట్స్' పేరిట 1840 తేదీ, 8894 సంఖ్యతో ఉన్న వెయ్యి డాలర్ల నోటు. అది నేషనల్ బ్యాంకు నోటే కాదు. ఆ సంఖ్య కనిపిస్తే పిల్లలకు ఆడుకోవడానికి ఇచ్చేయవచ్చు.

ధర తెలుసుకోవడం, అమ్మకం

అమ్మకానికి పెట్టినవాడు అడిగే ధర ధర కాదు. అమ్ముడైన ధరే ధర. హెరిటేజ్, స్టాక్స్ బవర్స్ వంటి అమెరికన్ వేలం సంస్థలు తమ పాత వేలాల ఫలితాలను ఫోటోలతో సహా అందుబాటులో ఉంచాయి. అక్కడ మీ ఛార్టర్ నంబరుతో వెతకండి. అదే బ్యాంకు, అదే రకం, దగ్గరి స్థితిలోని నోటు గత ఐదారేళ్లలో ఎంతకు పోయిందో రెండు మూడు ఉదాహరణలు చూసుకోండి. అదే బ్యాంకు నోటు దొరకకపోతే అదే రాష్ట్రంలో, అంతే సంఖ్యలో మిగిలిన మరో చిన్న ఊరి నోటును పోల్చండి. వేలంలో కొనుగోలుదారు కట్టే అదనపు రుసుము ఆ అంకెలో కలిసి ఉంటుంది, అమ్మినవాడికి అంత చేతికి రాదు. వ్యాపారి నేరుగా కొంటే ఇంకా తక్కువ ఇస్తాడు, అతనికీ లాభం మిగలాలి కదా.

అమెరికా ప్రభుత్వం 1861 నుంచి జారీ చేసిన నోట్లు ఇప్పటికీ ముఖవిలువకు చెల్లుతాయి. కాబట్టి మీ పది డాలర్ల నోటు కనీసం పది డాలర్లే. అయితే డబ్బు మార్చే దుకాణంలో దాన్ని ఇచ్చేయడం అరుదైన పుస్తకాన్ని తూకానికి వేయడం లాంటిది.

మన దేశంలో ఉండి అమ్మేవారు చట్టం వైపు కూడా చూడాలి. విదేశీ మారకద్రవ్య నిర్వహణ చట్టం (ఫెమా) నిబంధనల ప్రకారం ఇక్కడ నివసించే వ్యక్తి తన దగ్గర ఉంచుకోగల విదేశీ కరెన్సీ నోట్ల మొత్తం 2,000 డాలర్లకు మించకూడదు, అవి చేతికి వచ్చిన తీరుకు కూడా షరతులు ఉన్నాయి. 1972 నాటి పురావస్తువుల చట్టం కింద వందేళ్లు దాటిన చారిత్రక వస్తువులను ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడం నిషిద్ధం. అందువల్ల 1902 సిరీస్ నోటునో, అంతకు ముందరిదానినో కవరులో పెట్టి అమెరికాలోని అబ్బాయికి పోస్టు చేసే ముందు భారత పురావస్తు శాఖ కార్యాలయంలో ఆ ప్రశ్నను రాతపూర్వకంగా తేల్చుకోండి. అమ్మాయో అబ్బాయో అమెరికాలోనే కొని అక్కడే ఉంచిన నోటైతే ఈ చిక్కు లేదు, అక్కడి వేలం సంస్థకు వారే ఇవ్వవచ్చు.

"మీ పాత నోటుకు లక్షలు ఇస్తాం, ముందు కమీషన్ పంపండి, రిజర్వు బ్యాంకు రుసుము కట్టండి" అంటూ వాట్సాప్‌లో వచ్చే మాటలను ఒక్క క్షణం కూడా నమ్మకండి. తన పేరు చెప్పి ఇలా డబ్బు గుంజుతున్నారని రిజర్వు బ్యాంకే 2021 ఆగస్టులో ప్రజలను హెచ్చరించింది. నిజంగా కొనేవాడు మీకు డబ్బు ఇస్తాడు గాని, మిమ్మల్ని డబ్బు అడగడు.

నోటు ఇంటికి ఎలా వచ్చిందో మీ ఇంటి పెద్దవారిని ఇప్పుడే అడిగి రాసి పెట్టండి. తాతగారు మిషను ఆసుపత్రిలో కాంపౌండరుగా చేశారా, నానమ్మకు ఏ దొరసాని బహుమతిగా ఇచ్చింది, ఏ సంవత్సరం, ఏ ఊళ్లో అన్నది తేదీ వేసి, చెప్పినవారి పేరుతో సహా ఒక కాగితం మీద ఉంచండి. నోటు ఒక ఉత్తరంతో పాటు వచ్చి ఉంటే ఆ ఉత్తరాన్నీ, తపాలా ముద్రతో సహా ఆ కవరునూ వేరు చేయకుండా, నోటుకు తాకకుండా పక్కనే మరో మైలార్ కవరులో భద్రపరచండి. కొనేవాడికి చూపించేటప్పుడు నోటుతో పాటు వాటిని కూడా బల్ల మీద పెట్టండి.